బడికి మూడు లక్షలు వస్తే ముందు దేనికి పెట్టాలి? టచ్ టీవీ, కొత్త గది, కొత్త బోధన, టీచర్ల శిక్షణ: ఒక పోలిక

"మేడం, మా బ్యాచ్ వాళ్లమంతా కలిసి మూడు లక్షలు పోగు చేశాం. మన బడికి పెద్ద టచ్ టీవీ కొనిద్దామనుకుంటున్నాం. ఏ కంపెనీది మంచిదో చెప్పండి."

పోయిన జూన్‌లో, బడి తెరిచిన వారానికి వచ్చిన ఫోన్ ఇది. చేసినవాళ్లు మా ఊళ్లో ఐదో తరగతి దాకా చదివి, పక్కూరి హైస్కూల్లో పది పాసైన పిల్లలు. ఇప్పుడు కొందరు బెంగళూరులో, కొందరు హైదరాబాద్‌లో, ఇద్దరు డల్లాస్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. చదువుకున్న బడిని మర్చిపోని పిల్లలు. వాళ్ల మాట విని నా కళ్లు చెమర్చాయి. కానీ కంపెనీ పేరు మాత్రం చెప్పలేదు. "రెండు వారాలు టైమివ్వండి. పిల్లలకు ఏం అవసరమో చూసి చెబుతా" అన్నాను.

ఇలాంటి ఫోన్లు ఇప్పుడు చాలా బడులకు వస్తున్నాయి. విద్యా కమిటీ మీటింగుల్లో, దాతల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే చర్చ. స్క్రీన్ కొనాలా? గది మార్చాలా? పాఠం చెప్పే తీరు మార్చాలా? టీచర్లకు శిక్షణ ఇప్పించాలా? ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఎస్‌జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేస్తున్నాను. ఏకోపాధ్యాయ బడిలో ఆరేళ్లు ఉన్నాను, ఇప్పుడు ఐదుగురున్న బడిలో ఉన్నాను. ఈ నాలుగు దారులూ దగ్గరగా చూశాను కాబట్టి రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ప్రాథమిక బడి అయితే రెండు పనులు ముందు జరగాలి. ఒకటి, రోజుకో గంట పిల్లల్ని తరగతిని బట్టి కాక, వాళ్లకు వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టి చెప్పడం. రెండు, టీచర్లు ఒకరి తరగతిలో ఒకరు కూర్చుని చూడటం. గదిలో మార్పులు ఈ పనికి తగ్గట్టు చేసుకోవాలి. స్క్రీన్ ఆ తర్వాత. హైస్కూల్ అయితే ఈ వరస మారుతుంది.

ముందు ప్రతి పిల్లతో ఐదు నిమిషాలు

ఏది ఎంచుకోవాలన్నా ముందు పిల్లలు ఎక్కడున్నారో తెలియాలి. యూనిట్ టెస్టు మార్కులతో అది తెలియదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి, పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వేలో వాడుతున్న పద్ధతి ఉంది. చాలా తేలిక, ఖర్చు లేదు. ఒక కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ. ఒక్కొక్క పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. ఏ మెట్టు దాకా చదవగలిగితే అదే ఆ పిల్ల స్థాయి. లెక్కల్లోనూ అంతే: అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం.

తెలుగుకు నేనొక చిన్న మార్పు చేసుకున్నాను. పదాల మెట్టును మూడుగా విడగొట్టాను. తల, పడవ లాంటి సరళ పదాలు ఒకటి, గుణింతాలున్నవి రెండు, ఒత్తులున్నవి మూడు. మన పిల్లలు ఎక్కువగా జారిపడేది ఈ మూడు మెట్ల మధ్యనే. 'పడవ' చక్కగా చదివిన పిల్ల 'చెట్టు' దగ్గర ఆగిపోతుంది, 'శాస్త్రం' దగ్గర పుస్తకం మూసేస్తుంది.

మా బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు 61 మంది. కథ చదివినవాళ్లు 19, పేరా దాకా వచ్చినవాళ్లు 14, పదాల దగ్గరున్నవాళ్లు 16, అక్షరాల దగ్గరే ఉన్నవాళ్లు 12. ఆ పన్నెండులో నలుగురు ఐదో తరగతి. వాళ్లలో ఒక బాబుకు పాఠాలన్నీ కంఠతా వచ్చు. ఏ పేజీ అడిగినా గడగడా చెబుతాడు. పుస్తకం తలకిందులుగా పెట్టి ఇచ్చినా ఆగలేదు. రెండేళ్లు నా కళ్లెదుటే ఉన్న పిల్లవాడు. ఆ రోజు ఇంటికెళ్లాక అన్నం సహించలేదు.

ఈ నాలుగు అంకెలూ చేతిలో ఉంటే డబ్బు దేనికన్న ప్రశ్న సగం తేలిపోతుంది. అవి లేకుండా ఏది కొన్నా చీకట్లో బాణమే.

స్క్రీన్: ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు గోడకు వేలాడుతుంది

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన, ప్రభుత్వ బడులను బాగుచేసే మన బడి నాడు-నేడు పథకం కింద చాలా హైస్కూళ్లకు టచ్ ప్యానెళ్లు, ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. అందుకని దాతలు ముందుగా అడగాల్సింది, బడిలో ఇప్పటికే ఒకటి ఉందా, ఉంటే రోజూ వెలుగుతోందా అని. ఉన్నదే వాడకంలో లేకపోతే రెండోది ఎందుకో ఆలోచించాలి.

స్క్రీన్ బలం నాకు బాగా తెలుసు. గుండె రక్తాన్ని ఎలా తోస్తుందో, గ్రహణం ఎలా పడుతుందో నల్లబల్ల మీద ఎంత గీసినా, రెండు నిమిషాల వీడియోకు సాటిరాదు. సముద్రం చూడని పిల్లలకు సముద్రం చూపించగలం. ఇంగ్లీషు ఉచ్చారణ వినిపించగలం. అయితే అక్షరాల దగ్గర ఆగిపోయిన పిల్ల ముందు అదే వీడియో బస్సు కిటికీలోంచి కనిపించే చెట్లలా వెళ్లిపోతుంది. అందరికీ ఒకే పాఠం ఒకే వేగంతో చెప్పడంలో నల్లబల్లకూ టీవీకీ తేడా లేదు.

కంప్యూటరు బాగా పనిచేసిన చోట్లు ఉన్నాయి. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశోధన చేశారు. బడి అయ్యాక పిల్లలు సెంటరుకు వచ్చేవారు. సగం సేపు కంప్యూటరు ముందు, సగం సేపు చిన్న గుంపులో టీచరు దగ్గర. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ పిల్లలు బాగా ముందుకొచ్చారు. కారణం, ఆ సాఫ్ట్‌వేర్ పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని చూడదు. ఏం వచ్చో కనుక్కుని అక్కడి నుంచి మొదలుపెడుతుంది. పెరూ దేశంలో ప్రభుత్వం లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. చదువులో, లెక్కల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదని తర్వాత చేసిన పరిశోధనలో తేలింది. రెండుచోట్లా యంత్రాలున్నాయి. పిల్లవాడి స్థాయి నుంచి మొదలుపెట్టే ఏర్పాటు ఒకచోటే ఉంది.

కాబట్టి స్క్రీన్ కొనే తీరాలనుకుంటే అమ్మేవాళ్లను సైజు గురించి అడగడం కంటే ఇవి అడగండి. తెలుగు మీడియం పాఠాలున్నాయా? నెట్ లేకపోయినా నడుస్తుందా? పాడైతే ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడు? కరెంటు పోతే ఇన్వర్టరు ఎంతసేపు లాగుతుంది? ఇక బడిలో అడగాల్సింది ఒకటుంది: రిమోటు ఎవరి దగ్గర ఉంటుంది? బీరువాలో ఉంటే ఆ టీవీ వాడటం లేదన్నమాట.

గది: వరసలా, గుంపులా, 'యు' ఆకారమా

2025లో కేరళలో కొన్ని బడులు బెంచీలను 'యు' ఆకారంలో మార్చి, వెనుక బెంచీ అన్నది లేకుండా చేశాయి. ఆ వెంటనే తమిళనాడులోనూ అలాగే కూర్చోబెట్టాలన్న మాట వచ్చింది. తమిళ అక్షరం 'ప' మన 'యు' ఆకారంలాగే ఉంటుంది కాబట్టి వాళ్లు దాన్ని 'ప' వరస అన్నారు. దాని మీద అభ్యంతరాలూ వచ్చాయి. పక్కల కూర్చున్న పిల్లలు రోజంతా మెడ తిప్పుకుని బోర్డు చూడాలి, మెడనొప్పి, చూపు సమస్య వస్తాయని డాక్టర్లు, తల్లిదండ్రులు అన్నారు. మన వాట్సాప్ గ్రూపుల్లోనూ ఆ ఫొటోలు తెగ తిరిగాయి.

నేను రెండేళ్లుగా మూడో తరగతిలో ఇది చేసి చూస్తున్నాను. గదిలో పాతికమంది లోపు ఉంటే 'యు' చాలా బాగుంటుంది. ఏ పిల్ల దగ్గరికైనా రెండడుగుల్లో వెళ్లగలను. పలక మీద ఏం రాసిందో నిలబడిన చోటు నుంచే కనిపిస్తుంది. తల దించుకుని దాక్కునే చోటు ఉండదు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూస్తూ మాట్లాడతారు కాబట్టి కథ చెప్పుకోవడానికి, చర్చకు ఇంతకన్నా మంచిది లేదు. నలభై దాటితే మాత్రం అది గదిలో పట్టదు. రెండు 'యు'లు ఒకదాని వెనక ఒకటి వేస్తే మళ్లీ వెనుక బెంచీయే. బోర్డు మీద రాసింది చూసి రాసుకునే పాఠమైతే వరసలే నయం. నలుగురు కలిసి చేసే పనికి గుంపు కావాలి. ఏ ఒక్క ఆకారమూ రోజంతా సరిపోదని అనుభవంతో తెలిసింది.

అందుకే నా సలహా, ఆకారం గురించి కాక కదపడం గురించి ఆలోచించండి. మనకు వచ్చే డ్యూయల్ డెస్కులు ఇనుప చట్రాలతో బరువుగా ఉంటాయి. ఇద్దరు పెద్దవాళ్లు పట్టుకుంటే గాని కదలవు. ఒకటి, రెండు తరగతులకైతే అవి అసలే వద్దు. మంచి మందపాటి జంపఖానా, పక్కగోడకు తక్కువ ఎత్తు అరలు చాలు. మూడు నుంచి ఐదు తరగతులకు పిల్లలే ఇద్దరు కలిసి ఎత్తగలిగే తేలిక బల్లలు చేయించండి. పిల్లల మోకాలి ఎత్తు కొలిచి ఇస్తే పక్క టౌనులోని వెల్డింగ్ షాపులో చేసిస్తారు. మా పిల్లలు ఇప్పుడు నిమిషన్నరలో గది మార్చేస్తున్నారు. మొదటి వారం గోల గోలగా ఉంది, నాకు టెన్షన్ వచ్చింది. పదో రోజుకు సర్దుకుంది.

గోడల సంగతి ఇంకా ముఖ్యం. ఢిల్లీకి చెందిన ఆర్కిటెక్ట్ కబీర్ వాజ్‌పేయి బృందం 'బాలా' అనే ఆలోచన తెచ్చింది. బడి కట్టడమే బోధనోపకరణం కావాలని దాని అర్థం. తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీస్తారు, తలుపు ఎంత తీస్తే అన్ని డిగ్రీలు. వరండా పొడవునా మీటర్లు, సెంటీమీటర్లు. కిటికీ ఊచల్లో పిల్లలు వేలితో దిద్దగలిగే ఆకారాలు. ఫ్యాను రెక్కలకు రంగులు, తిరిగితే కలిసిపోతాయి. కిటికీ ఊచలు తప్ప మిగతావన్నీ పెయింటరుతో అయ్యే పనులే.

మన బడుల్లో సాధారణంగా జరిగేది వేరు. బయటి గోడకు రైలు బోగీ వేయిస్తాం, లోపల నాయకుల బొమ్మలు, సూక్తులు ఏడడుగుల ఎత్తున రాయిస్తాం. రైలు బోగీ తప్పని నేననను. చిన్నపిల్లలు బడికి ఇష్టంగా వస్తారు. ప్రైవేటు బడి బస్సు ఎక్కే పిల్లల తల్లులు కూడా ఒకసారి ఆగి చూస్తారు. కానీ లోపలి గోడలో కింది నాలుగడుగులు పిల్లలవి. అక్కడ ఒక్కో పిల్లకు రెండడుగుల వెడల్పున నల్లరంగు వేయించి, పేరు రాసి ఇవ్వండి. తమిళనాడు ప్రాథమిక బడుల్లో కార్యాచరణ పద్ధతి తెచ్చినప్పుడు చేసిన పని ఇది. పలక మీద భయంగా రాసే పిల్ల గోడ మీద ధైర్యంగా రాస్తుంది. తుడిస్తే పోతుంది కదా. నేను ఒక్క చూపులో పాతికమంది రాసింది చదవగలను. మా బడిలో పెట్టిన ఖర్చులన్నిటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఈ నల్లరంగే.

బోధన: గంట పద్ధతా, నిచ్చెన పద్ధతా

ఇక్కడ నిజంగా రెండు దారులున్నాయి. రెండూ మంచివే. ఏది ఎవరికి సరిపోతుందో చూసుకోవాలి.

మొదటిది ప్రథమ్ రూపొందించిన స్థాయి పద్ధతి. మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలను రోజుకు గంట, గంటన్నర సేపు కలిపేసి, మెట్టును బట్టి గుంపులు చేస్తారు. అక్షరాల గుంపులో ఐదో తరగతి పిల్ల, మూడో తరగతి పిల్ల పక్కపక్కన కూర్చుంటారు. ఆ గంటలో పాఠ్యపుస్తకం తెరవరు. గుణింతాల చార్టు, నేల మీద అక్షరాల గెంతులాట, చిన్న పేరాలు, మాటలు, మళ్లీ రాత. మిగతా రోజంతా మామూలు తరగతులే. ఈ పద్ధతిని ఏళ్ల తరబడి పరిశీలించినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. 2019 ఆర్థిక నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఇద్దరు వాళ్లే.

వాళ్ల పరిశీలనలో మన హెచ్‌ఎంలు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. కొన్ని రాష్ట్రాల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చి, సామగ్రి పంపి ఊరుకున్నారు. ఫలితం రాలేదు. టీచర్లకు సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఆ సామగ్రి పక్కన పడింది. హరియాణాలో అదే శిక్షణ, అదే సామగ్రి. కానీ టైమ్‌టేబుల్లో దీనికంటూ ఒక గంట కేటాయించారు, అధికారులు వచ్చి చేతిలో చేయి వేసి నడిపించారు. అక్కడ పిల్లల చదువు మెరుగుపడింది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చేయాలని తెలంగాణలో 2022లో తొలిమెట్టు, దానికి ముందు ఏడాది దేశమంతా నిపుణ్ భారత్ కార్యక్రమాలు మొదలైనప్పుడు మన టీచర్లు కూడా ఇవే మాటలు విన్నారు. ఏ బడిలో ఆ గంట నిజంగా నడుస్తోందో అక్కడే తేడా కనిపిస్తోంది. గంటను కాపాడటం హెచ్‌ఎం పని. ఆ సమయంలో మీటింగులు, యాప్‌లో ఎంట్రీలు, గుడ్ల లెక్కలు పెట్టుకోకూడదు.

రెండోది మన నేల మీదే పుట్టిన నిచ్చెన పద్ధతి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో, రివర్ అనే సంస్థలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని ఒంటిగది బడుల కోసం దీన్ని తయారుచేశారు. ఏడాది పాఠాలన్నీ చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి గోడకు ఒక నిచ్చెన బొమ్మగా పెడతారు. ప్రతి మెట్టుకూ ఒక గుర్తు, ఒక కార్డు. పిల్ల తనెక్కడ ఆగిందో నిచ్చెన చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తానే తెచ్చుకుంటుంది. కొన్ని కార్డులు టీచరు దగ్గర కూర్చుని చేసేవి, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా. జ్వరమొచ్చి నాలుగు రోజులు రాకపోయినా పాఠం దాటిపోదు. ఆగిన మెట్టు నుంచే ఎక్కుతుంది. ఇక్కడికి వచ్చి ఈ పద్ధతి చూసి వెళ్లినవాళ్లే దీన్ని 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టారు. నాలుగైదేళ్లలో తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వెళ్లింది.

నేను ఏకోపాధ్యాయ బడిలో ఉన్నప్పుడు మదనపల్లె వెళ్లి ఈ బడులు చూసి వచ్చాను. ఒకే గది, ఐదు తరగతుల పిల్లలు, ఒకే టీచరు. అరుపుల్లేవు. ఒక పాప కార్డు తెచ్చుకుని, పని చేసి, పక్క పాపతో చూపించుకుని, మళ్లీ నిచ్చెన దగ్గరికి వెళ్లింది. టీచరు ఒక గుంపుతో నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆ దృశ్యం నేను మర్చిపోలేదు.

మరి రెండింటిలో ఏది? నిచ్చెనకు వందలకొద్దీ కార్డులు తయారుచేయాలి, అవి చిరుగుతాయి, పోతాయి, ఏటా కొత్తవి రాయాలి. టీచరుకు కనీసం ఏడాది ఓపిక కావాలి. బదిలీపై వచ్చిన కొత్త టీచరుకు తెలియకపోతే కార్డులు పెట్టెలో ఉండిపోతాయి. గంట పద్ధతిని సోమవారం అనుకుని బుధవారం మొదలుపెట్టవచ్చు. అయితే అది వెనకబడ్డ పిల్లలను చదవడం, లెక్కలు చేయడం దాకా తెస్తుంది గాని బడి రోజంతటినీ మార్చదు. ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు టీచర్లున్న బడికి గంట పద్ధతి అంటాను. ఒక్క టీచరే ఉంటే, ఆయన నాలుగైదేళ్లు అక్కడే ఉండేలా ఉంటే, నిచ్చెన అంటాను. కేంద్ర విద్యాశాఖ బడుల గురించి ఇచ్చే యూడైస్ 2024-25 లెక్కల్లో దేశంలో ఏకోపాధ్యాయ బడులు లక్ష దాటాయి, రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ. ఆ బడుల టీచర్లకు స్క్రీన్లు ఇచ్చే ముందు ఒకసారి మదనపల్లె బస్సు ఎక్కించాలి.

టీచర్ల శిక్షణ: ఆన్‌లైన్ కోర్సు, కాంప్లెక్స్ మీటింగ్, పక్క తరగతి

జాతీయ విద్యావిధానం 2020 ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. 2019లో మొదలైన నిష్ఠా కార్యక్రమం తర్వాత ఆన్‌లైన్‌లోకి, దీక్షా యాప్‌లోకి వచ్చింది. ఆ కోర్సుల్లో కొన్ని నిజంగా బాగున్నాయి. భాష ఎలా నేర్చుకుంటారన్న విషయం నేను వాటిలోనే కొత్తగా తెలుసుకున్నాను. కానీ రాత్రి ఇంటిపని అయ్యాక ఫోన్‌లో చూసిన వీడియో, మర్నాడు తరగతిలో నా చేతల్లోకి రావడం కష్టం. తెలిసినదాన్ని చేతికి తెచ్చుకోవడానికి ఎవరో పక్కన ఉండాలి.

పాత టీచర్లకు ఏపీపీఈపీ, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం గుర్తుండే ఉంటుంది. ఎనభైల్లో ప్రయోగంగా మొదలై, బ్రిటన్ ప్రభుత్వ సాయంతో తొంభైల మధ్య దాకా ఆంధ్రప్రదేశ్ అంతా నడిచింది. ఆరు బోధనా సూత్రాలు ఉండేవి. కృత్యాల ద్వారా నేర్పడం, చేసి నేర్చుకోవడం, ఒంటరిగా, గుంపుగా, తరగతంతా కలిసి పనిచేయడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, చుట్టుపక్కల పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గదిలో ప్రదర్శించడం. ఇవాళ కొత్తవంటూ చెప్పేవాటిలో చాలా మటుకు మనవాళ్లు నలభై ఏళ్ల కిందటే చెప్పుకున్నవి. టీచర్ సెంటర్లు పెట్టి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసి కూర్చుని తమ తరగతుల గురించి మాట్లాడుకోవాలన్నారు. ఇప్పటి కాంప్లెక్స్ మీటింగులు దాని సంతానమే. కానీ చాలాచోట్ల సర్క్యులర్లు చదవడానికి, ఎవరెంత నింపారో లెక్క చూడటానికి సగం రోజు అయిపోతోంది. ఒక డెమో క్లాసు, చప్పట్లు, టీ.

జపాన్‌లో వందేళ్లకు పైగా ఒక పద్ధతి ఉంది, జుగ్యో కెంక్యూ అంటారు. నలుగురైదుగురు టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు గదిలో నిలబడి పిల్లల్ని చూస్తారు. చెప్పే టీచరును కాదు, పిల్లల్ని. తర్వాత కూర్చుని ఎక్కడ పిల్లలు తడబడ్డారో మాట్లాడి, పాఠం మార్చి, ఇంకొకరు మళ్లీ చెబుతారు.

మేము దాన్ని మా స్థాయికి తగ్గించుకున్నాం. వారానికి ఒకరోజు, ఒక పీరియడ్. ఒకరి తరగతిలో ఇంకొకరు వెనక కూర్చుంటారు. చూడాల్సిన ఒక్క విషయం ముందే అనుకుంటారు. ఏ రిజిస్టరులోనూ రాయరు, ఎవరికీ పంపరు. తర్వాత పావుగంట మాట. మా సహోద్యోగిని నా తరగతిలో కూర్చుని, నేను వేసే ప్రశ్నలకు ఎవరు జవాబిస్తున్నారో గీతలు పెట్టింది. నలభై నిమిషాల్లో 31 ప్రశ్నలు వేశాను. అందులో 24 జవాబులు ముందున్న ఐదుగురివే. ప్రశ్న వేసి రెండు సెకన్లు కూడా ఆగకుండా నేనే జవాబు చెప్పేస్తున్నానని కూడా చెప్పింది. ఇరవై ఏళ్లలో ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. మర్నాటి నుంచి ఐస్‌క్రీం పుల్లల మీద పిల్లల పేర్లు రాసి, డబ్బాలోంచి తీసిన పేరు పిలుస్తున్నాను. ప్రశ్న వేశాక మనసులో ఐదు లెక్కపెడుతున్నాను.

మరి ఆ పీరియడ్‌లో తన తరగతిని ఎవరు చూస్తారు? దీన్ని ముందే తేల్చుకోకపోతే రెండో వారానికే ఆగిపోతుంది. మా హెచ్‌ఎం సార్ ఆ పీరియడ్‌లో రెండు తరగతులను కలిపి లైబ్రరీ పుస్తకాలు చదివిస్తారు. ఇద్దరే టీచర్లుంటే పక్క ఊరి బడితో జతకట్టి నెలకొకసారి చేసుకోవచ్చు.

మూడింటినీ పక్కపక్కన పెడితే, కొత్త సంగతి తెలుసుకోవడానికి ఆన్‌లైన్ కోర్సు, నలుగురి అనుభవం వినడానికి కాంప్లెక్స్ మీటింగ్, మారడానికి పక్క తరగతి. డబ్బు దాదాపు అక్కర్లేనిది కూడా మూడోదే.

హైస్కూల్ సంగతి వేరు

హైస్కూల్లో ఫిజిక్స్‌కు ఒకరే టీచరు ఉంటారు, ఆయన క్లాసు చూసి విషయం మాట్లాడగలిగేవాళ్లు ఆ బడిలో ఉండరు. అందుకని సబ్జెక్టు టీచర్లు మూడు నాలుగు బడుల నుంచి కలవాలి. జపాన్ పద్ధతి పూర్తిగా సరిపోయేది ఇక్కడే. స్క్రీన్‌కు కూడా ఇక్కడ ప్రాథమిక బడిలో కంటే ఎక్కువ పని ఉంటుంది. కాకపోతే దానికంటే ముందు సైన్సు ల్యాబ్ తాళం తీసి చూడండి. పరికరాలు దుమ్ము పట్టి ఉంటే దాత డబ్బు ముందు అక్కడికి పోవాలి. ఆరో తరగతిలో చేరే పిల్లలకు పైన చెప్పిన చదివే పరీక్ష పెట్టండి. పేరా చదవలేని పిల్లకు సాంఘికశాస్త్రం చెప్పడం ఇద్దరికీ శిక్ష.

ప్రైవేటు బడి వెతుక్కునే తల్లిదండ్రులకు ఒక మాట. డిజిటల్ క్లాస్‌రూమ్ చూపిస్తారు. చూడండి. చూశాక, వెనకబడిన పిల్లకు ఏ టైములో, ఎవరు, ఏం చెబుతారో అడగండి.

నోటుపుస్తకాలు పంచే ముందు

దాతలు ఎక్కువగా చేసే ఇంకో సాయం పలకలు, నోటుపుస్తకాలు, పెన్సిళ్లు. దీని మీద మన ఆంధ్రప్రదేశ్ బడుల్లోనే ఒక పరిశోధన జరిగింది, 2013లో అచ్చయింది. బడులకు అనుకోకుండా గ్రాంటు వచ్చిన మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది కూడా వస్తుందని తెలిశాక తల్లిదండ్రులు ఇంటి నుంచి పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు, మార్కుల్లో లాభం కనిపించలేదు. అందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. కూలీ డబ్బుల్లో మిగిలింది బియ్యానికో మందులకో పోతుంది, అదీ సాయమే. కానీ చదువు పెరగాలన్నది మీ కోరిక అయితే, తల్లిదండ్రులు ఎలాగూ కొనేవాటి మీద కాక, వాళ్లు కొనలేనివాటి మీద పెట్టండి.

మా మూడు లక్షలు

రెండు వారాల తర్వాత డబ్బు పోగుచేసిన ఆ బ్యాచ్ పిల్లలకు ఫోన్‌లో పైన చెప్పిన నాలుగు అంకెలూ చదివి వినిపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డల్లాస్ నుంచి ఒకబ్బాయి, "అక్షరాల దగ్గరున్న పన్నెండు మందికి ఏం కావాలో అది కొనండి మేడం" అన్నాడు. ఇంకొకరికి మాత్రం కంటికి కనిపించేది ఏదైనా ఉంటే బాగుండునని ఉంది. అది కూడా అర్థం చేసుకోవాల్సిందే. ఊరు చూడాలి, పిల్లలు సంతోషించాలి అన్నది వాళ్ల ప్రేమ.

చివరికి ఇలా పంచుకున్నాం. చదివే చిన్న పుస్తకాలు, కార్డులు, లామినేషన్‌కు 45 వేలు. గోడలకు నల్లరంగు, నేల మీద గీతలు, జంపఖానాలు, అరలకు 60 వేలు. తేలిక బల్లలకు 70 వేలు. ఊళ్లోనే ఉన్న డిగ్రీ చదివిన అమ్మాయి రోజూ గంటన్నర అక్షరాల గుంపుతో కూర్చోవడానికి పది నెలలకు 60 వేలు. టీచర్లం వేరే బడులు చూసి రావడానికి 20 వేలు. మిగిలిన 45 వేలు కదపలేదు.

దసరా సెలవులకు ముందు మళ్లీ అదే కాగితంతో అందరినీ చదివించాం. కథ 27, పేరా 17, పదాలు 11, అక్షరాలు 6. తలకిందులుగా పుస్తకం పట్టుకుని పాఠం ఒప్పజెప్పిన బాబు ఇప్పుడు పదాల గుంపులో ఉన్నాడు. ఒత్తులు ఇంకా రాలేదు, కానీ వేలు పెట్టుకుని చదువుతున్నాడు. మిగిలిన ఆరుగురిలో ఇద్దరికి చూపు సరిగా లేదని ఆ అమ్మాయి కనిపెట్టింది. కంటి పరీక్ష చేయించాం, కళ్లద్దాలు వచ్చాయి. ఒకరు తల్లిదండ్రులతో వలస వెళ్లి వస్తుంటారు. ఆ పిల్ల వెంట పంపడానికి చిన్న కార్డుల సంచి తయారుచేస్తున్నాం.

సంక్రాంతికి బ్యాచ్ వాళ్లంతా ఊరికి వస్తామన్నారు. ఆ రోజు మా పిల్లలు వాళ్ల ముందు చదువుతారు. 45 వేలు ఏం చేయాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందామని అనుకున్నాం. బడిలో ఉన్న పాత టీవీ స్పీకరు పోయింది, దాన్ని బాగుచేయించడం ఆ జాబితాలో మొదటిది.